సిపాయి మిత్రునకు వ్రాసిన లేఖలు



ఎవరి స్మృతికై మనమీ సాయంకాలమిచట సమావేశమైతిమో ఆ పెద్దలు తమ జీవితమంతయు శాసనములను, కైఫీయతులను, పాత దస్తావేజులను సేకరించి చదువుటలో గడపినవారు. రాజప్రశస్తులకంటె సామాన్యుని చేవ్రాలునకే వారధికమైన మన్నన యిచ్చుచుండిరి. అందుచేతనే, వారి పేర జరుగు నీ యుపన్యాసమునకు విషయమును నిర్ణయింపవలసి వచ్చినపుడు, చక్రవర్తుల యుద్ధమున సామాన్యులు వ్రాసిన యుత్తరములను గూర్చి మాటలాడుట యుచితమని నాకు తోచినది. 1914 మొదలు 1918 వఱకు ఫ్రాన్సు, బెల్జియము దేశముల రణభూములలో పోరాడిన భారతీయ సిపాయిలు తమ యూళ్లలోని చెలికాండ్రకును, ఇతర పటాలములలోనున్న నేస్తులకును వ్రాసిన లేఖలే నేటి ప్రసంగవిషయము. తల్లిదండ్రులకును భార్యలకును వ్రాసినవియు వానిలో కోకొల్లలుగా నున్నవి. అయినను నేను మిత్రలేఖలనే ప్రధానముగా గ్రహించుచున్నాను. కారణము క్రమముగా తెలియగలదు.

1914 సెప్టెంబరు నెలాఖరున లాహోరు డివిజను ఫ్రాన్సునందలి మార్సేల్సు రేవున దిగినది. కొన్నాళ్లకే మీరట్టు డివిజను దాని వెంట వచ్చినది. సిక్కులు, పంజాబు ముసల్మానులు, గఢ్వాలీలు, గూర్ఖాలు, డోగ్రాలు, జాట్లు, పఠానులు – వీరిలో సముద్రమును మునుపు చూచినవారే అరుదు. వేసవికి తగిన పలుచని ఖాకీ దుస్తులతో దిగిన యీ సైనికులను అక్టోబరు మాసాంతమునకే ఈప్ర్ పట్టణ పరిసరములలో, జర్మనుల ఫిరంగుల యెదుట, వేర్వేరు తుకడలుగా విడదీసి, తెగిన వరుసలను పూడ్చుటకు నిలిపిరి. ఆ నెల 31వ తేదీన హోలెబెకె గ్రామమువద్ద తన మరతుపాకిజట్టులోని వారందఱును కూలిన పిమ్మటను, తాను గాయపడియు, ఆ తుపాకిని విడువక కాల్చిన ఖుదాదాద్ ఖాన్, విక్టోరియా క్రాసు పొందిన భారతీయ సైనికులలో ప్రథముడు. తదుపరి శీతకాలమంతయు మోకాటిలోతు బురదనీటిలో, కందకములలో, మంచులో గడచినది. 1915 మార్చి 10 మొదలు 13 వఱకు జరిగిన న్యూవ్ షాపెల్ యుద్ధములో భారతీయ దళమునుండి చనిపోయినవారును గాయపడినవారును కలిసి 4,000కు పైబడిరి. గఢ్వాలీ వీరుడు గబర్ సింగ్ నేగీ అచటనే నేలకొఱగెను. అదే సంవత్సరము సెప్టెంబరులో లూస్ సమరము. సంవత్సరాంతమునకు పదాతిదళములను మెసొపొటేమియాకు తరలించిరి. అశ్వికదళములు మాత్రము 1918 వఱకు ఫ్రాన్సులోనే నిలిచినవి.

ఇట్టి పరిస్థితులలో ఆ సైనికులు వ్రాసిన యుత్తరములు వారమునకు 10,000 నుండి 20,000 వఱకు నుండెడివని 1915 ఆరంభపు లెక్క. అక్షరజ్ఞానమున్నవారు స్వల్పసంఖ్యాకులైన సైన్యమున ఇన్ని యుత్తరములెట్లు పుట్టినవని మీరడుగవచ్చును. అనేకులు స్వహస్తముతో వ్రాయలేదు. పటాలములో నాలుగక్షరములు తెలిసిన యొకని చుట్టును చేరి, తమ మాటను అతని కలముచే పలికించిరి. ఆ యుత్తరము ఊరు చేరినపిమ్మట దానిని అందుకొన్నవాడును చదువలేడు. మౌల్వీయో, బడిపంతులో, తపాలాబంట్రోతో పదిమందిలో బిగ్గరగా చదువగా అతడు వినవలెను. అనగా ఇప్పుడు మనము లేఖ యన్నప్పుడు తలంచెడి యేకాంతమునకు ఆ లేఖలలో తావే లేకుండెను. చెప్పువానికిని వినువానికిని నడుమ ఎందఱో యుండిరి. వారందఱు నెఱిగియుండియు అతడు చెప్పినాడు, చెప్పదలచినదానిని చెప్పినాడు. ఈ విషయము నా మనస్సును మిక్కిలిగా ఆకర్షించినది.

వీరిపై మఱియొక పాఠకుడు గలడు. విప్లవసాహిత్యము, ముఖ్యముగా అమెరికానుండి వచ్చు గదర్ పత్రికలు, సిపాయిల చేతికి చిక్కునేమోయను భయముచే, ప్రభుత్వము 1914లోనే భారతీయుల తపాలాను పరిశీలించుటకొక కార్యాలయమును నెలకొల్పినది. మొదట రువాన్ పట్టణమునను, పిమ్మట బూలోన్ రేవునను పనిచేసిన ఆ కార్యాలయమునకు అధికారి ఈవ్లిన్ బార్క్‌లీ హోవెల్. ఇతడు వాయవ్య సరిహద్దున పనిచేసిన సివిల్ సర్వీసు ఉద్యోగి, దేశభాషలెఱిగినవాడు. ఉర్దూ, పంజాబీ, హిందీ, పష్తో మున్నగు భాషలలోని యుత్తరములనుండి కొన్నింటిని ఏరి, ఆంగ్లమునకు తర్జుమా చేయించి, సైనికుల మనఃస్థితి యెట్లున్నదో వారము వారము పై యధికారులకు నివేదించుట అతని విధి. మూలలేఖలు తమ గమ్యములకు పోయినవి. కాలక్రమమున పల్లెటూళ్ల గూళ్లలోను, సందుగపెట్టెలలోను చాలవఱకు చెదలపాలై నశించినవి. నేడు లండనులోని బ్రిటిషు లైబ్రరీలో, ఇండియా ఆఫీసు దస్తరములలో నిలిచియున్నవి ఆ కార్యాలయము తయారుచేసిన ఆంగ్లసంగ్రహములే. సిపాయి హృదయమును శంకించి, దానిని కనిపెట్టి యుండుటకై యేర్పడిన కార్యాలయమే ఆ హృదయమునకు చిరస్మృతిని కల్పించినది. చరిత్రలో ఇట్టి విపర్యయములు వేఱొకచోటను ఉండవచ్చును. ఇంతకంటె విషాదకరమైనదానిని నేనెఱుగను.

ఇక లేఖల లోనికి పోదము. తల్లిదండ్రులకు వ్రాసిన యుత్తరము సామాన్యముగా ఒక క్రమమున నడచును. పెద్దలకు పాదాభివందనములు, దేవునిదయవలన క్షేమము, పంపిన పైకము అందినదా, వాన కురిసినదా, గొడ్లు బాగున్నవా, నా కొఱకు చింతింపవలదు – ఇంతే. కొడుకు గాయపడి ఆసుపత్రిలో పరుండియు తాను సుఖముగా నున్నట్లు వ్రాయించును. ఇది అసత్యమని నేననజాలను. తల్లికి వ్రాయువాడు తల్లి నిద్రను కాపాడవలెను. అదియు నొక ధర్మమే. కాని ఆ కొడుకే ఆ వారముననే చిన్ననాటి నేస్తునకు వ్రాయునపుడు ధర్మము మాఱుచున్నది. ఆ నేస్తుడు రేపో మాపో సైన్యములో చేరవచ్చును. పంజాబులో బంధుగులు, ఒకే యూరివారు, ఒకే పటాలమునకు వరుసగా చేరుట వాడుక. స్వయముగా చూచినవాడు నోరు మూసికొన్నయెడల ఆ నేస్తుని చావులో తనకును భాగముండును. కావున మిత్రునకు నిజము చెప్పక తప్పదు. చెప్పినయెడల పరిశీలకుని కత్తెరయో, అంతకు మించిన శిక్షయో. ఈ సంకటమునుండి ఆ లేఖలలోని శిల్పము పుట్టినది. శిల్పమను మాటను నేను ఆలోచించియే వాడుచున్నాను.

ఒక సిపాయి తన లేఖలో మిరియములను గూర్చి వ్రాసినాడు. నల్లమిరియములు అయిపోయినవనియు, ఇప్పుడు ఎఱ్ఱమిరపను వాడుచున్నారనియు, అయినను అప్పుడప్పుడు నల్లమిరియములే అక్కఱకు వచ్చుచున్నవనియు, వానికున్న ఘాటు ఎఱ్ఱవానికి లేదనియు దాని సారాంశము. పైకి చూడ ఇది వంటయింటి ముచ్చట. ఊరిలో దానిని వినినవాడు మాత్రము, నల్లమిరియములనగా నల్లవారి పటాలములనియు, ఎఱ్ఱమిరపయనగా తెల్లవారి పటాలములనియు, మనవారు వేలకొలది హతులైరనియు, శౌర్యమున మనవారిదే పైచేయి యనియు ఒక్క క్షణములో గ్రహించియుండును. పరిశీలకుడును గ్రహించెను, కావుననే అది మనకు దక్కినది. ఒక వాక్యములో సేనానష్టము, ఆత్మగౌరవము, హెచ్చరిక – మూడును ఇమిడినవి. మన యాలంకారికులు దేనిని ధ్వనియని పేర్కొనిరో, ఆనందవర్ధనుడు కావ్యమునకు దేనిని ఆత్మగా నిర్ణయించెనో, అది పండితగోష్ఠిలో మాత్రమే ఉండు విద్య కాదనుటకు నాకీ యుత్తరముకంటె బలమైన నిదర్శనము లేదు. వాచ్యార్థమును అధికారికిచ్చి వ్యంగ్యార్థమును మిత్రునకిచ్చిన యీ నిరక్షరకుక్షి యే లక్షణగ్రంథమును చదువలేదు. అతనికిని మిత్రునకును నడుమ సమానమైన పూర్వజ్ఞానము, కలిసి పెరిగిన జీవితము కలదు. సహృదయత్వమునకు ఇంతకు మించిన నిర్వచనమేమి గలదు?

హోవెల్ ఈ విద్యను గుర్తింపకపోలేదు. ఏమియు స్పష్టముగా చెప్పకయే సర్వమును తెలియజేయు నేర్పు ప్రాచ్యులకు సహజమనియు, కావున ఈ పరిశీలన సంపూర్ణముగా నెన్నటికిని సాగదనియు అతడు తన నివేదికలలో ఒప్పుకొనెను. అంతేకాదు, 1915 ఆరంభమున సిపాయిలు తమ యుత్తరములలో పద్యములు వ్రాయ మొదలిడుట చూచి, అది వారి మనస్సులోని కలతకు సూచనయని, శుభలక్షణము కాదని అనుమానించెను. ఈ యనుమానము నన్ను చాలకాలము వెంటాడినది. ఇతడు కవిత్వమును ద్వేషించినవాడు కాడు. పష్తోభాషలో మహాకవియు ఖడ్గవీరుడునైన ఖుష్హాల్ ఖాన్ ఖటక్ కవితలను, ఓలాఫ్ కారోతో కలిసి, అనంతరకాలమున ఆంగ్లీకరించినవాడు. ఆ గ్రంథము 1963లో పెషావరునందు వెలువడినది. కవిత్వమనగా నేమో తెలిసినవాడు కావుననే, కందకములో నిలిచినవాడు పద్యమునెత్తుకొనుట సామాన్యవిషయము కాదని అతడు పసిగట్టగలిగెను. గద్యము చాలని దుఃఖమొకటి ఆ పటాలములలో వ్యాపించుచున్నదని అతని కప్పుడే తెలిసినది. తెలిసిన విషయమును పై యధికారులకు విన్నవించెను. యుద్ధము సాగినది.

గాయపడినవారిని ఇంగ్లండులోని బ్రైటన్ పట్టణమునకు చేర్చిరి. ఒకప్పుడు రాజవిహారముగానున్న రాయల్ పెవిలియన్ సౌధమును భారతీయ సైనికులకు ఆసుపత్రిగా మార్చి, మతమునకును ఆచారమునకును భంగము కలుగకుండ వేర్వేరు వంటశాలలనేర్పఱచి, నీటికొళాయిలయొద్ద హిందీ, ఉర్దూ, గురుముఖీ లిపులలో పలకలు కట్టిరి. చిత్రవిచిత్రములైన గోపురములతో, పైకప్పులతో నున్న ఆ సౌధమును సిపాయిలు తమ మిత్రులకు స్వర్గముగా వర్ణించి వ్రాసిరి. ప్రభుత్వమును ఆ పొగడ్తను చిత్రపటములతో, చిన్నపుస్తకములతో ప్రచారము చేసినది. అది యొక ముఖము. మఱియొక ముఖము, గాయము మానినవానిని మరల కందకములకే పంపుట. ఒకసారి గాయపడినవాడు స్వదేశమునకు పోవునను ఆశ నిరాశయైన పిమ్మట బ్రైటన్ నుండి వచ్చిన లేఖలలోని స్వరము మాఱినది. అదే పట్టణములోని కిచ్చెనర్ ఆసుపత్రిలో సైనికులు వెలుపలికి పోకుండ ముండ్లతీగలు కట్టి కాపలాలు పెట్టిరి. మొదటి లేఖలలో స్వర్గమని వర్ణింపబడిన పట్టణము క్రమముగా చెఱసాలగా పరిణమించినది. అచట మృతులైన హిందువులకును సిక్కులకును పట్టణమునకు పైనున్న పాచమ్ మెట్టలమీద దహనసంస్కారములు జరిగినవి. ఆ స్థలమున నిర్మింపబడిన ఛత్రిని 1921 ఫిబ్రవరి 1వ తేదీన వేల్సు యువరాజు ఆవిష్కరించెను.

ఈ లేఖలలో చీకటియొక్కటే కలదని మీరు తలంపకుడు. అశ్వికదళములవారు యుద్ధభూమికి వెనుకనున్న పల్లెలలో, రైతుల యిండ్లలో విడిది చేసిరి. రైతుబిడ్డలైన సిపాయిలు ఫ్రెంచి రైతుల పొలములను, ఆవులను, ఎరువులను, వెన్నతీయు విధానమును రైతుకంటితోనే పరీక్షించి ఊరి మిత్రులకు సవిస్తరముగా వ్రాసిరి. ఇంటి యజమానురాలైన వృద్ధురాలు తమ బట్టలుతికి, తెల్లవారుజామున కాఫీ కాచి యిచ్చి, పోవునపుడు కన్నీరు పెట్టిన వృత్తాంతములు పలుమాఱు కానవచ్చును. కొడుకులను కోల్పోయియు ఆమె పొలము పనిని మానలేదని వారు చేతులు జోడించి వ్రాయుచున్నారు. స్త్రీలందఱును చదువుకొని, లెక్కలు వ్రాసికొని, వ్యవసాయమును వ్యాపారమును నడుపుట చూచి, ఊరిలోని బాలికలను బడికి పంపుమని హితవు చెప్పిన లేఖలును ఉన్నవి. మన ప్రాంతమున అదే కాలమున వీరేశలింగము పంతులుగారును వారి యనుయాయులును దశాబ్దములుగా ఏ విషయమునకై పోరాడుచుండిరో, దానినే పంజాబు రైతు ఒకడు పరదేశపు పశువులకొట్టమున కూర్చుండి తన నేస్తునకు ప్రబోధించుచున్నాడు. సంఘసంస్కరణచరిత్రను వ్రాయువారు ఈ యుత్తరములను ఎందుల కింత నిర్లక్ష్యము చేసిరో నాకు బోధపడదు.

గాయపడిన రాజపుత్రుడొకడు 1915 జనవరిలో స్వదేశమునకు వ్రాయుచు, ఇది యుద్ధము కాదు, లోకాంతమే యనియు, మన పూర్వులనుగూర్చి మహాభారతమున చెప్పబడినది ఇట్టిదేయనియు పలికెను. తెలుగువాడనైన నాకు ఈ మాట వినగనే తిక్కన సోమయాజి గుర్తునకు వచ్చుట సహజము. తిక్కనగారి యుద్ధపర్వములను ఎన్నిమాఱులు చదివినను తనివి తీరదు. అయినను ఒక్క ప్రశ్న మిగిలియున్నది. అక్షౌహిణికి 1,09,350 మంది కాల్బలమని లెక్క. పదునెనిమిది అక్షౌహిణులలో కాల్బలమే ఇరువదిలక్షలకు చేరువగును. సంజయుడు ధృతరాష్ట్రునకు రథికులను పేరుపేరున వర్ణించి చెప్పెను. స్త్రీపర్వమున గాంధారి రాజపుత్రుల కళేబరములను చూపి శోకించెను. పదాతి యేమనుకొనెనో ఎవ్వరును చెప్పలేదు. వాని చెలికాడెవ్వడో, వాడు రణమునకు పోవు ముందు ఎవ్వనితో మాటలాడెనో కావ్యమునకు పట్టలేదు. ఇది తిక్కనయందలి లోపమని కాదు, ఇతిహాసస్వభావమే యట్టిది. బూలోన్ కార్యాలయపు దస్తరములలో భారతీయ పదాతి తన పలుకును తానే పలికెను, తన యుద్ధమునకు తానే సంజయుడాయెను. ఇంత విస్తారముగా అది అంతకు ముందెన్నడును జరిగియుండలేదు.

ఆ కాలముననే ఈ యుత్తరములు మఱియొక ప్రసిద్ధుని చేతికి పోయినవి. ప్రచారకార్యమున కుపకరించునని అధికారవర్గమువారు కొన్ని సంగ్రహములను రడ్యార్డ్ కిప్లింగునకు చూపిరి. అతడు వానిని ఆధారముగా గొని సిపాయిలు వ్రాసినట్లే కల్పితలేఖలను రచించి 'ది ఐస్ ఆఫ్ ఏషియా' యను చిన్నగ్రంథముగా వెలువరించెను. అందు ఫ్రాన్సు సౌభాగ్యముపట్ల ఆశ్చర్యమున్నది, రాజభక్తి యున్నది, నుడికారమున్నది. మిరియముల ఘాటు లేదు. కిప్లింగు కుమారుడు లూస్ రణమున పద్దెనిమిదేండ్ల ప్రాయమున మరణించెను. ఆ తండ్రి దుఃఖమును నేను లెక్కింపకపోలేదు. అయినను, అంతటి మాటనేర్పరి చేతిలోనికి వచ్చిన సిపాయి దుఃఖము పొగడ్తగా మాఱిపోవుట సాహిత్యమునకు జరిగిన అన్యాయమనియే నా నిశ్చితాభిప్రాయము. చాలకాలమునకు పిదప, 1999లో, డేవిడ్ ఒమిస్సీ యను చరిత్రకారుడు 600కు పైగా లేఖాసంగ్రహములను ఉన్నవి యున్నట్లు ప్రకటించుటతో ఆ స్వరము పాఠకలోకమునకు యథాతథముగా వినవచ్చినది. ఏ ఘనరచయితయు సరిదిద్దని యా లేఖలే నాకు శిరోధార్యములు.

మీలో కొందఱకు ఈపాటికి ఒక సందేహము కలిగియుండును: ఇందు మనవారెచట? ఫ్రాన్సునకు పోయిన పదాతిదళములు ప్రధానముగా ఉత్తరదేశపువి. కావున ఆ సంగ్రహములలో తెలుగు గొంతును వెదకుట వృథాశ్రమ. అయినను మదరాసు సాపర్సు, మైనర్సు దళమున తెలుగువారు చేరి మెసొపొటేమియాలో వంతెనలు కట్టిరి, బాటలు వేసిరి. హైదరాబాదు సంస్థానపు లాన్సర్లు పదునైదవ అశ్వికబ్రిగేడుతో కూడి పాలస్తీనా దండయాత్రలో పాల్గొనిరి. పశ్చిమగోదావరిజిల్లాలోని మాధవరము రెండు మహాయుద్ధములకును ఇంటింటినుండి యువకులను పంపి, 'మిలిటరీ మాధవరము' అను పేరునే సంపాదించుకొన్నది. వీరును ఉత్తరములు వ్రాసియుందురు, వ్రాయించియుందురు. గోదావరి వరదయెంత వచ్చినదని, తిరునాళ్ల కెవరెవరు పోయిరని, ఫలానివాని పెండ్లి యైనదాయని నేస్తులను అడిగియుందురు. వీరి లేఖలను ఏరికూర్చి అచ్చొత్తించిన తెలుగు గ్రంథమొక్కటియైనను నా కంటబడలేదు.

న్యూవ్ షాపెల్ వద్ద 1927లో నెలకొల్పిన స్మారకముమీద, సమాధియే లేని 4,700కు పైబడిన భారతీయుల పేర్లు చెక్కియున్నవి. రాతిపై పేరు చెక్కుట రాజ్యము చేయగల పని. పేరువెనుకనున్న మనిషిని అతని మిత్రుడు మాత్రమే ఎఱుగును. మిత్రుడును గతించిన పిమ్మట ఎఱిగినది ఆ యుత్తరమొక్కటే. కావున ఈ సభలోనున్న వారికిని, ఈ యుపన్యాసమును అచ్చులో చదువువారికిని నా విన్నపమిది. మీ తాతముత్తాతలలో ఎవరైన పల్టనులో పనిచేసియున్నయెడల, వారి పెట్టెలను ఒక్కసారి వెదకుడు. ఉత్తరము దొరకినపుడు దానిని పటము కట్టించి గోడకు తగిలింపకుడు. వెలుతురునకు సిరా వెలిసిపోవును. మడతలు మెల్లగా విప్పి, ఉన్న యక్షరమును ఉన్నట్లే – తప్పులు దిద్దక, వాడుకమాటను మార్చక – ఒక నకలు వ్రాసికొనుడు. ఎవరు ఎవరికి వ్రాసిరో, వారికి ఊరిలోనున్న చుట్టఱికమేమో, స్నేహమేమో తెలిసిన ముసలివారు బ్రతికియున్నపుడే అడిగి, ఆ నకలు క్రిందనే గుర్తుపెట్టుడు. అది తెలియనిచో ఆ లేఖలోని సగము అర్థము తెలియదు. పిదప మూలమును మీ జిల్లాలోని గ్రంథాలయమునకో, విశ్వవిద్యాలయపు లిఖితప్రతిభాండారమునకో అప్పగింపుడు. వారు పుచ్చుకొన్నట్లు రసీదు వ్రాయించుకొనుడు. ఈ పనిని వచ్చెడి సంక్రాంతికి ఊరికి పోయినపుడే మొదలుపెట్టవలెనని మిమ్ము వేడుకొనుచున్నాను.